చెస్ రికార్డ్స్ చరిత్ర: పాట ఎవరిది, పద్దు ఎవరిది?

లక్కపళ్ళెం:

మా తాతగారు దాచిన పద్యనాటకాల ప్లేట్లను తుడిచి భద్రపరిచే పనిలో పడి, 78 వేగపు రికార్డుల మీద మోజు పెంచుకున్నవాణ్ణి నేను. ఆ మోజు ముదిరి, ఎక్కడెక్కడి కంపెనీల లేబుళ్ళనో చదవడం, వాటి మీది సంఖ్యలకు అర్థాలు వెతకడం అలవాటుగా మారింది. షికాగో నగరానికి చెందిన, బ్లూస్ అనే నల్లజాతి అమెరికన్ల పాటలను అమ్మిన చెస్ రికార్డ్స్ కంపెనీ తన మొదటి రికార్డుకు ఒకటి అనో, నూటొకటి అనో కాకుండా 1425 అన్న సంఖ్య వేసింది. పోలండ్ నుంచి వలస వచ్చిన ఆ కుటుంబం షికాగోలో మొదట కాపురమున్న ఇల్లు 1425 సౌత్ కార్లోవ్ అవెన్యూ కాబట్టి ఆ అంకె పెట్టుకున్నారు. 1950 జూన్‌లో వచ్చిన ఆ రికార్డు జీన్ ఆమన్స్ శాక్సఫోన్ మీద వాయించిన ఒక సినిమా పాట. వెంటనే 1426 సంఖ్యతో వచ్చినది మడ్డీ వాటర్స్ పాడిన 'రోలిన్ స్టోన్'. తర్వాతి కాలంలో ఒక ఇంగ్లీషు బృందం తన పేరును ఆ పాట నుంచే తీసుకుంది.

ఇంటి నంబరును కంపెనీ సంఖ్యగా పెట్టుకోవడంలోనే ఇది బయటివాళ్ళకు చోటులేని కుటుంబ వ్యాపారమన్న సంగతి తెలిసిపోతుందని నాకు అనిపిస్తుంది. ఈ కంపెనీని గురించి రెండు రకాల కథలు ప్రచారంలో ఉన్నాయి. నల్లజాతి గాయకులను ఎవరూ పట్టించుకోని రోజుల్లో వాళ్ళ పాటను ప్రపంచానికి వినిపించిన అన్నదమ్ములని ఒక కథ, ఆ గాయకుల నోరుకొట్టి సంపాదించారని మరో కథ. సభ్యులు తమకు గట్టిగా తెలిసిన సంగతులను తేదీలతో సహా రాస్తే, ఈ రెండు కథలను పక్కపక్కన పెట్టి చూడవచ్చునని ఈ చర్చను మొదలుపెడుతున్నాను.

మీటర్‌గేజి:

రైలు దగ్గర మొదలుపెట్టకుండా షికాగో బ్లూస్ గురించి మాట్లాడటం కుదరదని నా అభిప్రాయం. ఇల్లినాయి సెంట్రల్ రైలుమార్గం మిసిసిపి పత్తి పొలాల మధ్య నుంచి మెంఫిస్ మీదుగా నేరుగా షికాగో నడిబొడ్డుకు చేరుతుంది. పత్తి ఏరే యంత్రాలు పొలాల్లోకి దిగడం, దక్షిణాదిలో వర్ణవివక్ష చట్టాలు ఊపిరాడనివ్వకపోవడం, యుద్ధకాలంలో ఉత్తరాది కర్మాగారాలకు మనుషులు కావలసి రావడం అనే మూడు కారణాలూ కలిసి లక్షల మందిని ఆ రైలు ఎక్కించాయి. షికాగోలో నల్లజాతి జనాభా 1940లో సుమారు 2.78 లక్షలు ఉండగా, 1950 నాటికి 4.92 లక్షలకు, 1960 నాటికి ఎనిమిది లక్షల పైకి చేరింది. జేబులో వారం జీతం, మనసులో ఊరి మీద బెంగ ఉన్న ఇంతమంది శ్రోతలు ఒకే నగరంలో, అందులోనూ దక్షిణ, పశ్చిమ భాగాల్లోని కొన్ని పేటల్లోనే కిక్కిరిసి ఉండటం వల్లే ఈ వ్యాపారం సాధ్యమైంది.

చెస్ అన్నదమ్ములు కూడా వలసవచ్చినవాళ్ళే. పెద్దవాడు లెనార్డ్ 1917లో, చిన్నవాడు ఫిల్ 1921లో మొతాల్ అనే పల్లెలో యూదు కుటుంబంలో పుట్టారు. ఆ పల్లె ఆ తర్వాత పోలండ్‌లో ఉండేది, ఇప్పుడు బెలారుస్‌లో ఉంది. ముందుగా వెళ్ళిన తండ్రి దగ్గరకు వీళ్ళు తల్లితో, అక్కతో కలిసి 1928లో షికాగో చేరుకున్నారు. తండ్రిది పాత ఇనుము వ్యాపారం. లెనార్డ్ నల్లజాతి పేటల్లో మద్యం దుకాణాలు నడిపి, 1946లో సౌత్ కాటేజ్ గ్రోవ్ వీధిలో మకాంబా లౌంజ్ అనే రాత్రి క్లబ్బు తెరిచారు. పాటలు అమ్మడానికి ముందు ఆయన అమ్మింది సారా అన్న సంగతిని నేను ఎత్తిపొడుపుగా రాయడం లేదు. ఏ పాట మొదలైతే జనం గ్లాసు కిందపెట్టి లేస్తారో ఆయన నేర్చుకున్నది ఆ బల్లల మధ్య తిరుగుతూనే.

అరోరావాసి:

మీటర్‌గేజి గారు చెప్పిన దానికి ఒక ముఖ్యమైన చేర్పు అవసరం. చెస్ రికార్డ్స్‌ను చెస్ అన్నదమ్ములు మొదటి నుంచీ స్థాపించారనడం సరికాదు. 1947లో అరిస్టోక్రాట్ అనే కంపెనీని ఎవెలిన్ ఆరన్, ఆమె భర్త చార్ల్స్, మరికొందరు కలిసి ప్రారంభించారు. లెనార్డ్ అదే సంవత్సరం అందులో చేరి, దుకాణాల చుట్టూ తిరిగి రికార్డులు అమ్మే పని చేపట్టారు. తర్వాత కొద్దికొద్దిగా వాటా పెంచుకున్నారు. 1949 చివర ఎవెలిన్ తప్పుకున్నాక కంపెనీ అన్నదమ్ముల చేతికి వచ్చింది, మరుసటి ఏడాది పేరు మారింది.

మడ్డీ వాటర్స్ విషయంలో ఎవెలిన్ ఆరన్ పాత్రను చాలామంది వదిలేస్తారు. ఆయన అసలు పేరు మెకిన్లీ మోర్గన్‌ఫీల్డ్. మిసిసిపిలోని స్టోవాల్ తోటలో ట్రాక్టరు నడుపుతూ పాడుకునే ఆయన పాటను 1941లో అలన్ లోమాక్స్ అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం కోసం రికార్డు చేశారు. 1943లో ఆయన షికాగో వచ్చి, కిటికీ పరదాలు చేరవేసే లారీ నడుపుతూ రాత్రుళ్ళు పాడేవారు. 1948 ఏప్రిల్‌లో ఆయన ఎలక్ట్రిక్ గిటారు తీగల మీద స్లైడు అనే గొట్టాన్ని జారుస్తూ, పక్కన బిగ్ క్రాఫర్డ్ ఒక్కరే బేస్ వాయిస్తుండగా రెండు పాటలు పాడారు. ఆ పలుకుబడి లెనార్డ్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదనీ, ఆ గొంతులో ఏదో ఉందని గుర్తించి పట్టుబట్టింది ఎవెలిన్ అనీ అప్పటి వాళ్ళు చెప్పారు. 'ఐ కాంట్ బి శాటిస్‌ఫైడ్' మొదటి విడత కాపీలు ఒకటి రెండు రోజుల్లో అయిపోయాయి.

లక్కపళ్ళెం:

ఆ రికార్డు గురించి మడ్డీ వాటర్స్ తానే చెప్పిన ఒక ముచ్చట నాకు చాలా ఇష్టం. 79 సెంట్ల ధర ఉన్న ప్లేటును మాక్స్‌వెల్ వీధిలో ఒక దుకాణదారు డాలరు పది సెంట్లకు, అదీ మనిషికి ఒక్కటే చొప్పున అమ్ముతున్నాడట. పాడినవాణ్ణి నేనే అన్నా ఆయనకు రెండోది ఇవ్వలేదట, చివరకు భార్యను పంపి తెప్పించుకున్నారట. మన ఊళ్ళలో కొత్త సినిమా టికెట్లు నల్లబజారులో అమ్ముడుపోయినట్టు, ఊరు విడిచి వచ్చిన కూలీలు ఊరి గొంతు కోసం ముప్పై సెంట్లు ఎక్కువిచ్చి కొన్నారన్నమాట. అయితే ఆ ముప్పై సెంట్లలో పాడినవారి చేతికి ఏమీ రాదు. ఈ చర్చ చివరకు ఎక్కడికి వెళ్తుందో నాకు ఇప్పుడే కనిపిస్తోంది.

మౌత్‌ఆర్గాన్:

డబ్బు లెక్కలకు వెళ్ళేముందు ఆ ధ్వని గురించి కాస్త వివరంగా రాయనివ్వండి. ఆ ధ్వని లేకపోతే లెక్కలు వేయడానికి ఏమీ మిగలదు.

లూసియానాలో పుట్టిన లిటిల్ వాల్టర్ మడ్డీ వాటర్స్ బృందంలో మౌత్ ఆర్గాన్ వాయించేవాడు. క్లబ్బుల్లో గిటార్లు, డ్రమ్ముల రొద నడుమ అరచేతిలో ఇమిడే ఆ చిన్న వాయిద్యం ఎవరికి వినపడుతుంది? అతను చవకరకం మైకును మౌత్ ఆర్గాన్‌తో పాటే రెండు చేతుల మధ్య బిగించి పట్టుకుని, దాన్ని గిటారు యాంప్లిఫయరుకు తగిలించాడు. అలా దోసిలి మూసినప్పుడు పైస్థాయి కీచుదనం తగ్గిపోయి, యాంప్లిఫయరు తన శక్తికి మించి మోసి చిట్లడం వల్ల ఆ ధ్వని శాక్సఫోన్‌లా బరువుగా, గరగరగా మారుతుంది. నేను ఇంట్లో ఒక పాత మైకుతో ఈ పద్ధతిని ప్రయత్నించి చూశాను. వేళ్ళ మధ్య ఒక్క సందు విడిచినా ఆ గరుకుతనం జారిపోతుంది. అంటే సగం వాయిద్యం పెదవుల దగ్గర ఉంటే, మిగిలిన సగం అరచేతుల్లో ఉంది.

1952 మే నెలలో ఈ పద్ధతిలో రికార్డు చేసిన 'జ్యూక్' అనే మాటలు లేని ట్యూను మడ్డీ బృందం క్లబ్బులో ఆట ముగించేటప్పుడు వాయించుకునేది. దాన్ని చెస్ వాళ్ళు అప్పుడే తెరిచిన చెకర్ అనే రెండో లేబుల్ మీద విడుదల చేస్తే, నల్లజాతి శ్రోతల ఆదరణను లెక్కించే రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. మడ్డీ వాటర్స్‌కు కూడా అందని స్థానం అది. బృందం పర్యటనలో ఉండగా ఆ పాట ఊరంతా మోగుతున్నదని తెలిసి, వాల్టర్ నడిమధ్యలో వదిలేసి షికాగో వచ్చేసి సొంత బృందం పెట్టుకున్నాడు. అయినా రికార్డింగులకు మాత్రం మడ్డీ పక్కన వాయిస్తూనే ఉన్నాడు. ఇది లెనార్డ్ ఏర్పాటు, వ్యాపారపరంగా తెలివైన ఏర్పాటు.

తొలినాటి ఈ రికార్డింగులు చాలావరకు బిల్ పుట్నమ్ అనే ఇంజనీరు నడిపిన యూనివర్సల్ స్టూడియోలో జరిగాయి. 1947లోనే ఒక మౌత్ ఆర్గాన్ త్రయం పాటకు స్టూడియో స్నానాలగదిని ప్రతిధ్వని గదిగా వాడుకున్న మనిషి ఆయన. పల్లె పాటకు ఆ నగరపు గది తోడయితే పుట్టినదే చెస్ ధ్వని అని నేను అనుకుంటాను.

మీటర్‌గేజి:

ధ్వని అంతా షికాగోలోనే పుట్టిందనుకుంటే మెంఫిస్‌కు అన్యాయం జరుగుతుంది. 1951లో సామ్ ఫిలిప్స్ మెంఫిస్‌లోని తన చిన్న స్టూడియోలో రికార్డు చేసిన 'రాకెట్ 88'ను చెస్ కంపెనీ కొనుక్కుని విడుదల చేసింది. లేబుల్ మీద జాకీ బ్రెన్‌స్టన్ పేరు ఉన్నా, బృందం ఐక్ టర్నర్‌ది. దారిలో యాంప్లిఫయరు స్పీకరు చినిగిపోతే, దానిలో కాగితాలు కుక్కి పని కానిచ్చారు. ఆ చినుగు ధ్వనే పాటకు అందం తెచ్చింది. అది రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది.

హౌలిన్ వుల్ఫ్‌ను మొదట రికార్డు చేసింది కూడా ఫిలిప్సే. చెస్టర్ బర్నెట్ అనే ఆ భారీ మనిషి పాటలను ఒక వైపు చెస్, మరో వైపు లాస్ ఏంజలెస్‌లో రికార్డు కంపెనీ నడిపే బిహారి అన్నదమ్ములు ఏకకాలంలో విడుదల చేస్తుంటే పెద్ద తగాదా వచ్చింది. (ఈ బిహారీలకు మన బీహారుతో సంబంధం లేదు, వాళ్ళూ యూదు కుటుంబమే.) 1952లో రాజీ కుదిరి వుల్ఫ్ చెస్‌కు, రాస్కో గోర్డన్ బిహారీలకు దక్కారు. గాయకులను అటొకరు ఇటొకరు పంచుకున్న తీరు చూస్తే, అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర నిలబడి పంపకాలు చేసుకున్నట్టు ఉంటుంది. కానీ వుల్ఫ్ ఎవరి పంపకానికీ లొంగే మనిషి కాదు. దక్షిణాది నుంచి తన కారులో, తన డబ్బుతో వచ్చానని గర్వంగా చెప్పుకునేవారు. పెద్దయ్యాక బడిలో చేరి చదువు నేర్చుకుని లెక్కలు తానే చూసుకున్నారు. తన బృందంలోని వాయిద్యగాళ్ళ జీతం నుంచి సామాజిక భద్రత సొమ్ము సక్రమంగా కట్టేవారు. 1956 నాటి 'స్మోక్‌స్టాక్ లైట్నింగ్'లో ఒకే స్వరస్థానం చుట్టూ హ్యూబర్ట్ సమ్లిన్ గిటారు తిరుగుతుంటే, వుల్ఫ్ గొంతు రాత్రి రైలు కూతలా లేచి దిగుతుంది.

గుప్పెడుస్వరాలు:

పాటలు రాసిన విల్లీ డిక్సన్ పేరు ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. విక్స్‌బర్గ్‌లో పుట్టి షికాగో వచ్చిన ఆయన 1937లో ఇల్లినాయి గోల్డెన్ గ్లవ్స్ పోటీల్లో గెలిచిన కుస్తీవీరుడు, సరిగా చెప్పాలంటే బాక్సరు. చెస్‌లో ఆయన బేస్ వాయించారు, పాటలు రాశారు, ఏ పాట ఎవరి గొంతుకు నప్పుతుందో నిర్ణయించారు, కొత్తవాళ్ళకు నేర్పించారు.

1954 జనవరిలో రికార్డయిన 'హూచీ కూచీ మ్యాన్' నిర్మాణాన్ని చూడండి. వాద్యబృందమంతా ఒక చిన్న ముక్క వాయించి టక్కున ఆగుతుంది, ఆ నిశ్శబ్దంలో గాయకుడు ఒక్క వాక్యం పలుకుతాడు, మళ్ళీ అదే ముక్క, మళ్ళీ నిశ్శబ్దం. హరికథలో దాసుగారు చిడతలు ఆపి జనం వైపు చూసి మాట వదిలినప్పుడు ఎలాంటి ఉత్కంఠ కలుగుతుందో ఇక్కడా అదే కలుగుతుంది. క్లబ్బులో ఆట విరామంలో మూత్రశాలలో నిలబడి మడ్డీకి ఈ పాట నేర్పానని, ఆయన అప్పటికప్పుడు వేదిక ఎక్కి పాడేశాడని డిక్సన్ చెప్పుకున్నారు.

లెనార్డ్ చెస్‌కు సంగీతం రాదు. అయినా 1951లో 'షీ మూవ్స్ మి' రికార్డింగులో డ్రమ్మరు తాను కోరుకున్న దెబ్బ వేయలేకపోతే, ఆయనే కూర్చుని పెద్ద డ్రమ్మును తన్నారు. ఆ రికార్డు వింటే ఆ దెబ్బ ఎక్కడా సొంపుగా ఉండదు, మొండిగా పడుతూనే ఉంటుంది. ఆశ్చర్యమేమిటంటే పాటకు అదే సరిపోయింది.

హక్కులపద్దు:

నేను వృత్తిరీత్యా ఒప్పందాలు చదివేవాణ్ణి కాబట్టి, లక్కపళ్ళెం గారు అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. రికార్డు అమ్మకం మీద గాయకుడికి వచ్చేది ఒక ఆదాయం, పాట రాసినవాడికి వచ్చేది మరో ఆదాయం. రెండోదాని గురించి చాలామందికి తెలియదు, తగాదాలన్నీ మాత్రం దాని దగ్గరే వచ్చాయి.

అమెరికా 1909 నాటి చట్టం ప్రకారం అమ్ముడైన ప్రతి రికార్డు మీద ఒక్కో పాటకు రెండు సెంట్లు చెల్లించాలి. ఈ రేటు 1977 చివరి దాకా మారలేదు. వాడుకలో అందులో ఒక సెంటు ప్రచురణకర్తకు, ఒక సెంటు రచయితకు పోతుంది. ప్రచురణకర్త అంటే పాట హక్కులను నమోదు చేసుకుని వసూళ్ళు చూసే సంస్థ. 1953లో చెస్ అన్నదమ్ములు, జాజ్ వాయిద్యకారుడు బెన్నీ గుడ్‌మన్ సోదరులైన జీన్, హ్యారీలతో కలిసి ఆర్క్ మ్యూజిక్ అనే ప్రచురణ సంస్థను పెట్టారు. అప్పటి నుంచి చెస్‌లో పాట రికార్డయితే, దాని ప్రచురణ హక్కు సాధారణంగా ఆర్క్‌కు పోయేది. రికార్డు వాడిపోయినా పాట వాడిపోదు. పదేళ్ళ తర్వాత ఇంగ్లండులో ఎవరో పాడుకుని లక్షల కాపీలు అమ్మితే, ఆ సొమ్ము వచ్చి పడేది ఆర్క్ ఖాతాలోనే.

ఇప్పుడు 'మేబెలీన్' సంగతి చూద్దాం. సెయింట్ లూయిస్ నుంచి వచ్చిన చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ ఇచ్చిన సలహాతో లెనార్డ్‌ను కలిశారు. బ్లూస్ కంపెనీ కదా అని తన బ్లూస్ పాట మీద ఆశ పెట్టుకుంటే, లెనార్డ్‌కు నచ్చింది 'ఐడా రెడ్' అనే పాత జానపదం వరసను అల్లుకుని ఆయన కట్టిన పల్లె తరహా పాట. పేరు మార్చి 1955 మే 21న రికార్డు చేశారు. అది రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానానికి, తెల్లవాళ్ళ పాప్ పట్టికలో ఐదో స్థానానికి చేరింది. అయితే రచయితల జాబితాలో బెర్రీ పక్కన రేడియోలో ఆ పాటను ఊదరగొట్టిన అలన్ ఫ్రీడ్ పేరు, చెస్‌లకు తెలిసిన రస్ ఫ్రాటో అనే వ్యాపారి పేరు చేరాయి. ఇద్దరూ అందులో ఒక్క అక్షరం రాయలేదు. ముగ్గురూ సమానంగా పంచుకున్నారనుకుంటే, పది లక్షల కాపీల మీద రచయితకు రావలసిన పది వేల డాలర్లు బెర్రీకి 3,333 డాలర్లుగా మిగులుతాయి. పాట పూర్తిగా ఆయన పేరు మీదికి వచ్చింది 1986లో.

1976లో మడ్డీ వాటర్స్, విల్లీ డిక్సన్ ఆర్క్ మీద దావాలు వేశారు, అవి కోర్టు బయట రాజీతో ముగిశాయి. డిక్సన్ పాటను తిరగరాసి వాడుకున్నందుకు 1985లో లెడ్ జెప్పెలిన్ అనే ఇంగ్లీషు రాక్ బృందం మీద కూడా దావా నడిచి రెండేళ్ళ తర్వాత రాజీ అయింది. కాబట్టి చెస్ అన్నదమ్ములు గాయకులకు కార్లు కొనిచ్చారా, ఆస్పత్రి ఖర్చులు పెట్టారా అన్న కథలతో ఈ ప్రశ్న తేలదు. వాటిని రాయల్టీ మీద బాకీగా రాసుకునే అలవాటు ఆ రోజుల్లో ఉండేది. ఇచ్చింది కనిపిస్తుంది, రాసుకున్నది కనిపించదు.

అరోరావాసి:

హక్కులపద్దు గారి లెక్క తిరుగులేనిది. అయినా అప్పటి వ్యాపార పరిస్థితిని కూడా తూకంలో వేయాలని కోరుతున్నాను. లెనార్డ్ కారు డిక్కీ నిండా ప్లేట్లు నింపుకుని దక్షిణాది రాష్ట్రాల్లో ఊరూరా తిరిగి, రేడియో కేంద్రాల్లో, నాణెం వేస్తే పాడే పాటల పెట్టెలున్న హోటళ్ళలో, మంగలి దుకాణాల్లో రికార్డులు ఇచ్చి వచ్చేవారు. చిన్న కంపెనీలకు పంపిణీదారుల దగ్గర బాకీ వసూలు కావాలంటే తర్వాతి హిట్టు చేతిలో ఉండాలి, లేకపోతే పాత సొమ్ము మునిగినట్టే. రేడియో వాళ్ళకు ముడుపులు ఇవ్వడం 1960లో అమెరికా కాంగ్రెస్ విచారణ దాకా వెళ్ళిన పరిశ్రమ రివాజు.

పోలికకు, చెస్ లాగే మిషిగన్ అవెన్యూలో కార్యాలయం నడిపిన వీ-జే కంపెనీని తీసుకోండి. 1953లో వివియన్ కార్టర్, జేమ్స్ బ్రాకెన్ అనే నల్లజాతి దంపతులు స్థాపించిన ఆ సంస్థ జిమ్మీ రీడ్ పాటలతో చెస్‌కు గట్టి పోటీ ఇచ్చింది, బీటిల్స్ రికార్డులను అమెరికాలో మొదట విడుదల చేసిన వాటిలో ఒకటి అదే. అంత అమ్మకం ఉండి కూడా 1966లో దివాలా తీసింది. చెస్ నిలబడటానికి కారణం ఆర్క్ ఆదాయం, 1963లో పది లక్షల డాలర్లకు కొన్న రేడియో కేంద్రం. డబ్ల్యూవీఓఎన్ అనే ఆ కేంద్రం పేరులోని అక్షరాలకు నల్లజాతి గొంతు అని అర్థం, షికాగో నల్లజాతి ఇళ్ళలో అది నిజంగానే ఇంటి గొంతుగా మారింది.

లక్కపళ్ళెం:

అరోరావాసి గారితో నేను సగమే ఏకీభవిస్తాను. కంపెనీ నిలబడటానికి పాట హక్కు కావలసి వచ్చిందని ఒప్పుకున్నా, అలన్ ఫ్రీడ్‌ను రచయితను చేయవలసిన అవసరం ఆ వాదనలో ఇమడదు. ఆ ముడుపు కంపెనీ తన జేబులోంచి ఇవ్వలేదు, బెర్రీ జేబులోంచి ఇప్పించింది. నిలబడటం వేరు, ఎవరి భుజాల మీద నిలబడ్డామన్నది వేరు.

గుప్పెడుస్వరాలు:

ఈ వాదం కొనసాగే లోపల ఒక పక్కదారి. చెస్ అంటే బ్లూస్ మాత్రమే అనుకునేవారు చెస్ వాళ్ళదే అయిన ఆర్గో అనే మరో లేబుల్‌ను చూడాలి. 1958లో అహ్మద్ జమాల్ ఒక హోటలు లౌంజిలో వాయించిన పియానో ఆల్బం రెండేళ్ళకు పైగా పట్టికల్లో నిలిచింది. 1965లో రామ్సే లూయిస్ త్రయం పియానో ట్యూను పాప్ పట్టికలో ఐదో స్థానానికి చేరింది. ఎటా జేమ్స్ వాయులీనాల బృందం నడుమ పాడిన 'ఎట్ లాస్ట్' కూడా ఆర్గో మీదనే వచ్చింది. 1965లో ఫాంటెల్లా బాస్ పాడిన 'రెస్క్యూ మి'కి డ్రమ్ములు వాయించిన మారిస్ వైట్ తర్వాత ఎర్త్ విండ్ అండ్ ఫైర్ బృందాన్ని స్థాపించారు, ఆ పాట వెనుక గొంతుల్లో ఒకరు మినీ రిపర్టన్. గాయని అరీతా ఫ్రాంక్లిన్ తండ్రి, పాస్టరు సి. ఎల్. ఫ్రాంక్లిన్ చేసిన ప్రసంగాల రికార్డులను కూడా చెస్ ఏళ్ళ తరబడి అమ్మింది. శనివారం రాత్రి కొన్న బ్లూస్ ప్లేటూ, ఆదివారం పొద్దున విన్న ప్రసంగమూ ఒకే బీరువాలో ఉండేవన్నమాట.

అరోరావాసి:

నేను షికాగో శివార్లలోనే ఉంటాను కాబట్టి 2120 సౌత్ మిషిగన్ అవెన్యూకు రెండుసార్లు వెళ్ళివచ్చాను. 1957 నుంచి పదేళ్ళ పాటు చెస్ కార్యాలయం, స్టూడియో రెండూ ఉన్న ఇల్లు అది. 1911లో కట్టిన రెండంతస్తుల ఇరుకు భవనం. దాని ముందు నిలబడితే ఇంత సంగీతం ఇందులో ఎలా పట్టిందన్న అనుమానం వస్తుంది. స్టూడియో పైఅంతస్తులో ఉండేది. 1964 జూన్‌లో రోలింగ్ స్టోన్స్ బృందం ఇక్కడికి వచ్చి, రాన్ మాలో అనే ఇంజనీరు దగ్గర రెండు రోజులు రికార్డు చేసుకుంది, ఈ చిరునామా పేరుతోనే ఒక వాద్య ట్యూను కూడా కట్టింది.

ఆ రోజు మడ్డీ వాటర్స్ నిచ్చెన ఎక్కి గోడలకు సున్నం వేస్తూ కనిపించారని ఆ బృందం గిటారిస్టు కీత్ రిచర్డ్స్ ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. లెనార్డ్ కొడుకు మార్షల్ చెస్ మాత్రం అలాంటిదేమీ జరగలేదని ఖండించారు. నాకు మార్షల్ మాటే నమ్మశక్యంగా ఉంది, ఎందుకంటే శుభ్రమైన సూటు వేసుకోకుండా మడ్డీ ఇల్లు కదిలేవారు కాదు. 1993లో విల్లీ డిక్సన్ భార్య మారీ ఈ భవనాన్ని కొని, ఆయన స్థాపించిన బ్లూస్ హెవెన్ ఫౌండేషన్‌కు ఇల్లు చేశారు. జీతానికి పాటలు రాసిన మనిషి పేరే ఇప్పుడు ఆ భవనానికి ఉంది.

మౌత్‌ఆర్గాన్:

కంపెనీ చివరి రోజులను కూడా నమోదు చేద్దాం. 1969 జనవరిలో అన్నదమ్ములు దాన్ని కాలిఫోర్నియాకు చెందిన జీఆర్‌టీ అనే టేపుల కంపెనీకి 65 లక్షల డాలర్లకు, 20,000 షేర్లకు అమ్మారు. అదే ఏడాది అక్టోబరు 16న లెనార్డ్ కారు నడుపుతుండగా గుండెపోటు వచ్చి 52 ఏళ్ళకే మరణించారు. ఫిల్ 95 ఏళ్ళు బతికి 2016లో పోయారు. 1975లో చెస్ పాటల ఖజానాను న్యూజెర్సీలోని ఆల్ ప్లాటినం కంపెనీ కొన్నది. ఆ కంపెనీ యజమానులు సిల్వియా, జో రాబిన్సన్ దంపతులే 1979లో షుగర్ హిల్ పేరుతో తొలి ర్యాప్ హిట్టును విడుదల చేశారు. 1980ల మధ్యలో ఖజానా ఎమ్‌సీఏ అనే రికార్డు కంపెనీకి చేరి, చివరకు యూనివర్సల్ మ్యూజిక్ (పుట్నమ్ నడిపిన స్టూడియో కాదు) చేతిలో పడింది.

2008 జూన్ 1న హాలీవుడ్‌లోని యూనివర్సల్ ప్రాంగణంలో జరిగిన అగ్నిప్రమాదంలో చెస్ మాతృక టేపులు కూడా కాలిపోయాయని 2019లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. చక్ బెర్రీ పాడిన 'జానీ బి. గుడ్' మాత్రం 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకలకు అమర్చిన బంగారు పూత పళ్ళెంలో భద్రంగా సూర్యుడికి దూరంగా పోతూనే ఉంది.

హక్కులపద్దు:

ఒక చిన్న అనుబంధం. మన దేశంలో 2012 కాపీరైటు సవరణ తర్వాత, సినిమా పాట రాసినవారు, స్వరపరిచినవారు తమ రాయల్టీ వాటాను ముందుగానే నిర్మాతకో కంపెనీకో వదులుకుంటూ సంతకం పెట్టినా ఆ షరతు చెల్లదు. విల్లీ డిక్సన్ కాలంలో అమెరికాలో ఇలాంటి ఒక్క వాక్యం ఉండి ఉంటే, ఆర్క్ మీద దావా వేయవలసిన అవసరం చాలావరకు ఉండేది కాదు.

లక్కపళ్ళెం:

అందరికీ కృతజ్ఞతలు. చివరిగా ఒక ప్రశ్న. ఇంత చెప్పుకున్న లెనార్డ్ చెస్ గొంతు, స్టూడియోలో ఆయన పనిచేసే తీరు ఏ రికార్డులోనైనా వినడానికి వీలుందా?

మౌత్‌ఆర్గాన్:

ఉంది. 1957లో మౌత్ ఆర్గాన్ వాయిస్తూ పాడే సన్నీ బాయ్ విలియమ్సన్ 'లిటిల్ విలేజ్' అనే పాటను రికార్డు చేస్తుండగా టేపు ఆపకుండా తిరిగింది. 1969లో విడుదలైన 'బమ్మర్ రోడ్' ఆల్బంలో ఆ సంభాషణ మొత్తం ఉంచేశారు. గాజు అవతలి నుంచి లెనార్డ్ ఈ పాట పేరేమిటని అడుగుతారు. సన్నీ బాయ్ చెబుతాడు. అసలు ఆ పేరుకూ పాటకూ సంబంధమేమిటని లెనార్డ్ సాగదీస్తారు. ముసలాయన విసిగిపోయి, ఇక్కడ రాయలేని నాలుగు మాటలు కలిపి, నీకు ఇష్టమొచ్చిన పేరు పెట్టుకోమని యజమానిని చెడామడా తిట్టేస్తాడు. లెనార్డ్ తగ్గరు, ముసలాయనా తగ్గడు, ఆ తిట్ల మధ్యలోనే పాట మళ్ళీ మళ్ళీ మొదలవుతుంది. లేబుల్ మీద అచ్చయిన పేరు మాత్రం 'లిటిల్ విలేజ్'.